సర్టిఫికెట్లు సరే, పాఠం మారొద్దూ?

ప్రశ్న: మధురవాడ దగ్గర ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) చెబుతున్నాను. సెలవులొస్తే చాలు, ఎఫ్‌డీపీలకు (అధ్యాపకుల శిక్షణ కార్యక్రమాలకు) వెళ్లమంటారు. సర్టిఫికెట్లు పోగయ్యాయి గానీ క్లాసులో మార్పేమీ లేదు. ఎలాంటివి ఎంచుకోవాలండీ?
– ఓ లెక్చరర్, విశాఖపట్నం

జవాబు: కెమెరా ఆపేసి, పేపర్లు దిద్దుకుంటూ విన్న ఎఫ్‌డీపీ ఏం మారుస్తుంది చెప్పండి! (మిమ్మల్ని కాదు లెండి, లోకరీతి.) ముందు షెడ్యూల్ చూడండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఉపన్యాసాలే అయితే వదిలేయండి, ల్యాబ్ గంటలుంటేనే పేరివ్వండి. సిగ్నల్‌ను గీతగా చూపించే ఓసిల్లోస్కోప్ తెర మీద పరుగులు తీసే వేవ్‌ను ట్రిగ్గర్ లెవెల్ నాబ్ తిప్పి నిలబెట్టడం స్లైడ్లు చూస్తే రాదు కదా, కాబట్టి అలాంటి వాటికి శ్రమైనా నేరుగానే వెళ్లండి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యామండలి) వారి అటల్ అకాడమీ ఎఫ్‌డీపీలకు ఫీజు ఉండదు. బోధన పద్ధతుల కోసమైతే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్‌లో ఎన్‌ఐటీటీటీ అనే 8 మాడ్యూళ్ల టీచర్ల శిక్షణ కోర్సు ఉంది, కొత్తగా చేరినవాళ్ల కోసం పెట్టిందే అయినా మూల్యాంకనం పాఠాలు సీనియర్లకూ పనికొస్తాయి. తిరిగొచ్చాక ఆ సెమిస్టర్‌లోనే ఒక్క ప్రయోగమైనా మార్చి పిల్లలతో చేయించండి. అన్నట్టు, ఆన్‌డ్యూటీ లీవు ముందే రాతపూర్వకంగా తీసుకోండి, తర్వాత జీతం కోస్తారేమోనన్న టెన్షన్ ఉండదు.