మాటలున్న పాటలు చిరాకు తెప్పిస్తున్నాయా? ముందు చెవి పరీక్ష చేయించండి

ప్రశ్న: నా వయసు 44. సిరిసిల్లలో ఇరవై ఏళ్ల నుంచి సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నాను. ఒకప్పుడు పాటలంటే ప్రాణం. రెండేళ్లుగా మాటలున్న పాట పెడితే చిరాకొస్తోంది, ఏం పాడుతున్నారో గజిబిజిగా ఉంటోంది. షెహనాయి, వేణువు మాత్రమే వింటున్నా. షెడ్డులో కూడా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫుల్ సౌండ్‌తో వింటాను. రాత్రి పడుకుంటే కుడి చెవిలో గుయ్‌మంటుంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నా. ఇంట్లోవాళ్లు నా మనసు బాగాలేదంటున్నారు. ఇది డిప్రెషనా?
– ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: వాయిద్య సంగీతాన్ని ఇష్టపడడం జబ్బు కాదు. మాటలుంటే ధ్యాస అటే పోతుందని ఉత్త వేణువే వినేవాళ్లు చాలామంది ఉంటారు. అయితే మీరు మామూలుగా రాసేసిన మూడు సంగతులే నన్ను కలవరపెడుతున్నాయి. మాటలు గజిబిజిగా ఉండడం, ఒక్క చెవిలోనే హోరు, ఇరవై ఏళ్ల సాంచాల చప్పుడు. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, ముందు అనుమానించాల్సింది చెవి నరాన్ని.

పెద్ద చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేస్తే మొదట పోయేది సన్నని, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న శబ్దాల వినికిడి, ముఖ్యంగా 4000 హెర్ట్జ్ దగ్గర. అచ్చులు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటాయి కాబట్టి వినపడుతూనే ఉంటాయి. క, త, చ, స లాంటి హల్లులు పైన ఉంటాయి, అవి జారిపోతాయి. అప్పుడు కాలు, పాలు, చాలు, తాలు అన్నీ ఒక్కలాగే వినపడతాయి. వెనక తబలా, కీబోర్డు కూడా మోగుతుంటే మాట అసలే తెలియదు, దాన్ని పట్టుకోవడానికి మెదడు కష్టపడి అలసిపోతుంది. మీ చిరాకు అదే కావచ్చు. వేణువులో పోల్చుకోవాల్సిన మాటలుండవు, దాని స్వరాలు కూడా ఎక్కువగా 2000 హెర్ట్జ్ లోపే. అందుకే హాయిగా ఉంటుంది. ఇంట్లో టీవీ సౌండ్ మీరు ఎంత పెడుతున్నారో ఒకసారి మీవాళ్లనే అడగండి.

ఇక ఆ చుక్కలు ఇవాళే ఆపండి. ఈ మాట ఓపీలో రోజూ చెబుతున్నాను, అయినా జనం మెడికల్ షాపువాళ్లనో, ఆర్‌ఎంపీనో అడిగి వేసుకుంటూనే ఉన్నారు. చెవిలోపల ఎవరూ చూడలేదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే కొన్ని యాంటీబయాటిక్ చుక్కలు లోపలి చెవికే హాని చేస్తాయి. నరం దెబ్బతిని వచ్చే హోరు ఏ చుక్కలకూ తగ్గదు. కాచిన నూనె కూడా పోయొద్దు, తడికి ఫంగస్ పడుతుంది. రెండేళ్లు ఇలా నెట్టుకొచ్చారే, అది నాకు బాధగా ఉంది. దెబ్బతిన్న నరం తిరిగి రాదు, మిగిలిన వినికిడినే కాపాడుకోవాలి.

సాంచాల షెడ్డులో శబ్దం సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. 85 దగ్గర ఎనిమిది గంటలే హద్దు, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆ చప్పుడును మించి వినపడాలని ఇయర్‌ఫోన్స్ సౌండ్ పెంచితే చెవికి రెండు దెబ్బలు. షెడ్డులో అవి వద్దు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ లేదా చెవులు మూసే మఫ్స్ వాడండి, దూది పెట్టుకుంటే పెద్దగా ఆగదు.

ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకోండి. సూదులుండవు, అరగంట పని. ముందురోజు సాంచాల దగ్గరికి పోవద్దు, చప్పుడు తర్వాత వినికిడి తాత్కాలికంగా తగ్గి లెక్క తప్పుతుంది. దగ్గర్లో కుదరకపోతే కరీంనగర్ లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రండి. చప్పుడు వల్ల వచ్చే దెబ్బ మామూలుగా రెండు చెవులకూ ఉంటుంది. మీకు ఒక్క కుడి వైపే హోరు కాబట్టి ఎంఆర్‌ఐ కూడా రాయవచ్చు. నరం మీద గడ్డ చాలా అరుదు, అయినా లేదని చూసుకోవాలి. షుగర్, బీపీ కూడా చూపించండి.

డిప్రెషన్ సంగతి. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తగ్గడం రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి, లేదా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. వినపడక నలుగురిలో మాట్లాడడం మానేసినవాళ్లకు దిగులు రావడం కూడా మామూలే.

ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, స్టెరాయిడ్ మందు మొదటి కొన్ని రోజుల్లో ఇస్తేనే ఫలితం బాగుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, ఇన్నాళ్లూ వాడిన మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి.