మరేనండీ, ‘మరియు’తో మొదలుపెట్టొచ్చా?

సందేహం: మా మనవరాలు ఇంగ్లీషు వ్యాసంలో ఒక వాక్యాన్ని ‘యాండ్’తో, ఇంకోదాన్ని ‘బట్’తో మొదలుపెట్టిందని టీచరు గారు రెండూ ఎర్ర సిరాతో కొట్టేశారు. అలా మొదలుపెట్టకూడదా? తెలుగులో ‘మరియు’, ‘కానీ’లకు కూడా ఈ నిషేధం ఉందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: ఇంగ్లీషు సంగతి ముందు తేల్చేద్దాం. నాకు అసలు పని మీ రెండో ప్రశ్నతో ఉంది. ‘యాండ్’తో మొదలుపెట్టకూడదన్నది వ్యాకరణ సూత్రం కాదు, బడి పట్టింపు. పిల్లలు ప్రతి మాటకీ ముందు ‘యాండ్’ తగిలిస్తుంటే మాన్పించడానికి పెట్టిన కట్టడి కాబోలు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు తీసి చూడండి. ఆదికాండం మొదటి అధ్యాయంలో 31 వచనాలుంటే, 1, 27 తప్ప తక్కినవన్నీ ‘యాండ్’తోనే ఎత్తుకుంటాయి. మూలంలోని హీబ్రూ వాక్యాల నడక అది. ‘బట్’కీ అభ్యంతరం లేదు. ‘బికాజ్’తో మొదలుపెడితే మాత్రం కారణం చెప్పి ఊరుకోకుండా, జరిగిందేమిటో కూడా ఆ వాక్యంలోనే చెప్పాలి.

ఇక ‘మరియు’. దీన్ని ‘యాండ్’ కోసమే పుట్టించిన మాటనుకుంటున్నారు ఈ కాలంవాళ్ళు. అసలు రూపం ‘మఱియు’, బండి ఱతో. ‘మఱి’ అంటే ఇంకా, వేరే, తరవాత. మఱొకడు, మఱునాడు ఆ ఇంటివే. తమిళంలో ‘మఱ్ఱు’, కన్నడంలో ‘మత్తు’ దాయాదులు. రెండిటిని కలిపే పని దాని తోక ‘యు’ది. ‘రాముడును లక్ష్మణుడును’ అన్నప్పుడు ‘ను’ చేసే పనీ అదే. ‘మఱి’ పని కథను ముందుకు నడపడం.

నన్నయ శకుంతల దుష్యంతుడితో ఏమంటుంది? నిండుగా నీళ్ళున్న నూతులు నూఱిటికంటె ‘యొక బావి మేలు, మఱి బావులు నూఱిటికంటె నొక్క సత్క్రతువది మేలు’. అక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒక మాట ముగిసింది, రెండోది ‘మఱి’తో లేచింది. నూతి నుంచి బావికి, బావి నుంచి క్రతువుకి, అక్కడినుంచి కొడుక్కి, కొడుకు నుంచి సత్యవాక్యానికి మొగుణ్ణి మెట్లు ఎక్కిస్తోంది ఆ ఇల్లాలు. రెండో మెట్టు దగ్గర ‘మఱి’ చెయ్యందించింది. ఆ పై మెట్లకి అదీ అక్కర్లేకపోయింది. (నుయ్యి వేరు, బావి వేరు అని నాకు తెలిసింది ఈ పద్యంతోనే. ఇక్కడి బావి దిగుడుబావి. పట్నం పిల్లలకి రెండూ బోరే.) పురాణాల్లో అయితే పద్యానికీ పద్యానికీ నడుమ ‘మఱియును’ అని ఒంటరిగా నిలబడ్డ వచనాలు కొల్లలు.

పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ పలికిన ఆ ‘మఱి’ మన గోదావరి లంకల్లో ఇంకా బతికే ఉంది. రేవు దాటి వచ్చిన మనిషి ‘మరేమోనండీ...’ అనే కదా కబురు ఎత్తుకుంటాడు! ఔననడానికి మనం ‘మరే’ అంటాం. అదీ మఱికి ఏకారం చేరిన రూపమేనని నా ఊహ.

అంటే, ‘మరియు’ సహజంగా కూర్చునే చోటు వాక్యం మొదలే. మనవాళ్ళు దాన్ని లాక్కొచ్చి రెండు పేర్ల మధ్య ఇరికించారు. ‘బంధువులు మరియు మిత్రులు’ అని శుభలేఖల్లో అచ్చేస్తున్నారు. బంధుమిత్రులు ఏం పాపం చేశారండీ? ‘కొబ్బరి మరియు అరటి మొక్కలు లభించును’ అని ఒక నర్సరీ బోర్డు. కొబ్బరి, అరటి అంటే మొక్కలు బతకవా?

‘కానీ’, ‘అయితే’లతో నిక్షేపంగా మొదలుపెట్టవచ్చు. ‘ఎందుకంటే’ కూడా చెల్లుతుంది గాని, ‘వాన పడింది కాబట్టి రాలేదు’ అనడంలో ఉన్న సుఖం దానిలో లేదు.

పేర్ల మధ్య ‘మరియు’ బొత్తిగా తప్పేనా అంటే, ఆఫీసు కాగితాల్లో వేళ్ళూనుకున్నదాన్ని తప్పనడానికి నోరు రావడం లేదు. నేను మాత్రం రాయను. మీ మనవరాలిని పరీక్షల దాకా టీచరు గారు చెప్పినట్టే రాయమనండి. మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి.