రెగ్యులేటర్ ఐసీ మార్చినా సమస్య పోవట్లేదా?

ప్రశ్న: సార్, 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు), 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 7812 రెగ్యులేటర్ ఐసీ పెట్టి పవర్ సప్లై చేసుకున్నా. ఉత్తప్పుడు కరెక్ట్‌గా 12 చూపిస్తోంది, ఆంప్లిఫైయర్ తగిలించి సౌండ్ పెంచితే 10.5కి పడిపోతోంది, పైగా బుయ్‌మని హమ్. లోడ్ 800 మిల్లీ ఆంప్స్ దాకా ఉంటుంది. ఐసీ మార్చి చూశా, అదే కథ. నాకు దొరికేవన్నీ డూప్లికేట్లేనా?

జవాబు: డూప్లికేట్లు ఉంటాయి, కాదనను, కానీ కొత్త ఐసీ పెట్టినా అచ్చం అదే లక్షణం వస్తోందంటే చూడాల్సింది ఐసీని కాదండీ, దానికి ముందున్నదాన్ని. 7812 సరిగ్గా 12 ఇవ్వాలంటే దాని ఇన్‌పుట్‌లో కనీసం 14.5 వోల్టులు ఉండాలి, అదీ సగటున సరిపోదు, ప్రతి క్షణం ఉండాలి. మీ 12 వోల్టుల ఏసీకి పీక్, అంటే అల శిఖరం, 17 వస్తుంది, బ్రిడ్జ్‌లో రెండు డయోడ్లు కలిసి 1.4 తినేస్తాయి, మిగిలేది 15.5. లోడ్ లేనప్పుడు కెపాసిటర్ ఆ 15.5 దగ్గరే నిలబడి ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. లోడ్ పడ్డాక చూడండి, 50 హెర్ట్జ్ మెయిన్స్‌లో కెపాసిటర్ సెకనుకి 100 సార్లు నిండుతుంది, ఒక పీక్‌కీ ఇంకో పీక్‌కీ మధ్య ఉన్న 10 మిల్లీసెకన్లలో చాలాసేపు లోడ్ మొత్తాన్ని ఆ కెపాసిటర్ ఒక్కటే మొయ్యాలి, 800 మిల్లీ ఆంప్స్ లాగితే 1000 మైక్రోఫారడ్ మీద 6 వోల్టుల పైనే జారిపోతుంది. అంటే ఇన్‌పుట్ ప్రతిసారీ 9 దగ్గరికి దిగి పైకొస్తోంది, దిగినప్పుడు ఏ కంపెనీ రెగ్యులేటర్ అయినా చేతులెత్తేస్తుంది, మీకు వినిపించే హమ్ అదే.

మీటర్ డీసీ రేంజ్‌లో సగటే చూపిస్తుంది కాబట్టి ఈ సంగతి బయటపడదు. లోడ్ నడుస్తుండగా ఇన్‌పుట్ కెపాసిటర్ మీద మీటర్‌ని ఏసీ రేంజ్‌లో పెట్టండి, వచ్చిన రీడింగ్‌ని మూడున్నరతో హెచ్చిస్తే వోల్టేజ్ ఎంత ఎక్కి దిగుతోందో సుమారుగా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త, చవక మీటర్లు కొన్ని ఏసీ రేంజ్‌లో డీసీకి కూడా రీడింగ్ ఇచ్చేస్తాయి, అందుకని ముందు ఒక 9 వోల్టుల బ్యాటరీ మీద ప్రోబ్స్ అటూ ఇటూ మార్చి పెట్టి రెండుసార్లూ సున్నా వస్తోందో లేదో చూసుకోండి.

ఇక మందు. కెపాసిటర్ ఒక్కటే 4700 చేస్తే చాలామటుకు తగ్గుతుంది గానీ అప్పుడు కూడా ఇన్‌పుట్ దిగే అడుగు 14 దగ్గరే ఉంటుంది, మెయిన్స్ కాస్త తగ్గిందా మళ్ళీ హమ్ మొదలు. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 35 వోల్టుల రేటింగ్ ఉన్న 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టుకోండి, అదే నా సలహా. అప్పుడు ఐసీ మీద 7 వోల్టుల దాకా పడుతుంది, 0.8 ఆంప్స్‌తో హెచ్చిస్తే 5.6 వాట్ల వేడి, కాబట్టి మంచి సైజు హీట్‌సింక్ (వేడిని లాగేసే మెటల్ ముక్క) తప్పదు.

ప్రశ్న: 7805తో 5 వోల్టుల సప్లై చేశా, ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టులది, లోడ్ అర ఆంప్. కాసేపు బాగానే పనిచేసి ఆగిపోతుంది, మళ్ళీ దానంతట అదే వస్తుంది. లూజ్ సోల్డరింగ్ అనుకుని అన్నీ మళ్ళీ అంటించా.

జవాబు: ఐసీ వేడెక్కి తనని తాను కాపాడుకుంటోంది, చల్లారాక మళ్ళీ ఆన్ అవుతోంది. 15 లోపలికొచ్చి 5 బయటికి పోతే మధ్యలో 10 వోల్టులు, అర ఆంప్‌కి 5 వాట్లు. హీట్‌సింక్ లేకుండా ఈ ఐసీ ఒక్కో వాట్‌కి 50 డిగ్రీల పైనే వేడెక్కుతుంది, లెక్క మీరే వేసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌ని 9 వోల్టులది చేస్తే 5 వాట్లు కాస్తా 3కి వస్తాయి, అప్పుడు చిన్న హీట్‌సింక్‌తో గడిచిపోతుంది.

ప్రశ్న: ప్లస్ మైనస్ 12 వోల్టుల సప్లై, ప్లస్‌కి 7812, మైనస్‌కి 7912. బోర్డ్ మీద విడిగా ఉన్నప్పుడు రెండూ కరెక్ట్‌గా ఇచ్చాయి, రెండిటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగించాక స్విచ్ వెయ్యగానే ఫ్యూజ్ పోతోంది.

జవాబు: పాపం చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చూడ్డానికి రెండూ కవలలే గానీ లోపల వేరు. ప్రింట్ మనవైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే 7812కి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్, 7912కి మాత్రం గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. వెనకున్న మెటల్ ట్యాబ్ ఎప్పుడూ మధ్య కాలితో కలిసే ఉంటుంది, అంటే ఒకదాని ట్యాబ్ గ్రౌండ్, రెండోదాని ట్యాబ్ మైనస్ ఇన్‌పుట్, ఒకే అల్యూమినియం ముక్కకి బిగించేసరికి మీ మైనస్ లైన్ గ్రౌండ్‌కి షార్ట్ అయిపోయింది. 7912 కింద మైకా షీట్ (కరెంట్ పోనివ్వని పల్చటి రేకు), స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వెయ్యండి, మైకాకి రెండువైపులా థర్మల్ పేస్ట్ పల్చగా రాయండి. బుష్ మర్చిపోతే మైకా వేసినా లాభం లేదు, స్క్రూ గుండా కలిసిపోతుంది. బిగించాక పవర్ ఇవ్వకముందే ప్లగ్ పీకేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక 7912 ట్యాబ్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కంటిన్యుటీ చూడండి, బీప్ రాకూడదు. ఇంకోటి, 7912కి అవుట్‌పుట్ కెపాసిటర్ తప్పనిసరి, 1 మైక్రోఫారడ్ టాంటలం గానీ 25 పైన మామూలు ఎలక్ట్రోలిటిక్ గానీ కాళ్ళకి దగ్గరగా పెట్టండి, లేకపోతే ఆసిలేట్ అవుతుంది, అంటే అవుట్‌పుట్ నిలకడ లేకుండా ఊగుతుంది. పెట్టేటప్పుడు దాని ప్లస్ కాలు గ్రౌండ్‌కి పోవాలి.

ప్రశ్న: ఎల్ఎం317తో (రెసిస్టర్లతో వోల్టేజ్ సెట్ చేసుకునే రెగ్యులేటర్) 5 వోల్టులకి సెట్ చేశా, లోడ్ తీసేస్తే వోల్టేజ్ పైకి పోతోంది. అవుట్‌పుట్‌కీ అడ్జస్ట్‌కీ మధ్య 1.2 కిలో ఓమ్స్, అడ్జస్ట్ నుంచి గ్రౌండ్‌కి 3.6 కిలో ఓమ్స్.

జవాబు: నిష్పత్తి కరెక్టే, విలువలే పెద్దవి. ఈ ఐసీ అదుపులో ఉండాలంటే ఎప్పుడూ కొంత కరెంట్ బయటికి లాగుతూ ఉండాలి, కొన్నిటికి 3.5 మిల్లీ ఆంప్స్ చాలు, కొన్నిటికి 10 దాకా కావాలి, మీ రెసిస్టర్లు లాగేది 1 మాత్రమే. 1.2 కిలో బదులు 120 ఓమ్స్, 3.6 కిలో బదులు 360 ఓమ్స్ వెయ్యండి, అవే 5 వోల్టులు వస్తాయి, లోడ్ ఉన్నా లేకపోయినా 10 మిల్లీ ఆంప్స్ పోతూనే ఉంటుంది, వోల్టేజ్ కదలదు.