పక్క స్థలంలో అపార్ట్‌మెంట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ కాలిఫోర్నియా నుంచే. జవాబులు కూడా ఆ రాష్ట్ర చట్టాల ప్రకారమే.

ప్రశ్న: మా వీధి అంతా విడి ఇళ్ళే. మూలనున్న స్థలంలో 40 ఫ్లాట్లతో ఐదంతస్తులకు దరఖాస్తు పడింది. ఆ స్థలానికి జోనింగ్‌లో (ఎక్కడ ఏం, ఎంత కట్టొచ్చో చెప్పే నగర నిబంధనల్లో) ఉన్నది మూడంతస్తులే. మేమంతా కలిసి 300 సంతకాలు చేయించాం. ప్లానింగ్ కమిషన్ ముందు ఏం మాట్లాడితే ఇది ఆగుతుంది?

జవాబు: చాలామటుకు ఆగదు. అది ముందే తెలిస్తే మాట్లాడటానికి మీకిచ్చే రెండు మూడు నిమిషాలు వృథా కావు.

ఆ పై రెండంతస్తులు ఎలా వచ్చాయో ముందు దరఖాస్తులో చూడండి. బిల్డర్ కొన్ని ఫ్లాట్లను తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు కేటాయిస్తే డెన్సిటీ బోనస్ చట్టం అదనంగా యూనిట్లు ఇస్తుంది. జోనింగ్ ప్రకారం వచ్చే యూనిట్లలో 15 శాతం ‘వెరీ లో ఇన్‌కమ్’ (అతి తక్కువ ఆదాయం) వర్గానికి పెడితే 50 శాతం బోనస్. అవి పట్టడానికి ఎత్తు నిబంధన అడ్డమైతే దాన్నీ సడలించమని అడగొచ్చు. కాబట్టి ‘మూడంతస్తులే కదా ఉండాలి’ అన్న వాదన అక్కడ నిలవదు.

ఇక సంతకాల సంగతి. 1982 నాటి హౌసింగ్ అకౌంటబిలిటీ చట్టానికి ఈమధ్య బాగా కోరలొచ్చాయి. రాసిపెట్టి ఉన్న, కొలిచి చూడదగ్గ నిబంధనలకు లోబడిన ప్రాజెక్టును కాదనాలంటే ఆరోగ్యానికో భద్రతకో ఫలానా హాని జరుగుతుందని, దాన్ని తగ్గించే దారి లేదని నగరం ఆధారాలతో చూపాలి. ‘మా కాలనీ వాతావరణం పాడవుతుంది’ అన్నది ఆ లెక్కలోకి రాదు. ఊరికే తిరస్కరించిన నగరం కోర్టులో ఓడి, ఆ ఆదేశాన్నీ పాటించకపోతే జరిమానా యూనిట్‌కు కనీసం 10,000 డాలర్లు. 40 యూనిట్లకు 4 లక్షలు. సిటీ అటార్నీ ఈ మాట కౌన్సిల్ చెవిన ముందే వేసి ఉంటారు.

మార్పించగలిగేవి వేరే ఉన్నాయి. వాటిని విచారణ రోజు దాకా దాచకుండా, ఫైలు చూస్తున్న నగర ప్లానర్‌కు ప్లాన్ షీట్ల నంబర్లతో సహా ముందే రాసి పంపండి. మీ పెరటివైపు బాల్కనీలుంటే వీధివైపు తిప్పమనండి. కుదరదంటే ఆ వైపు కిటికీల అడుగు అంచు ఆ గది నేల నుంచి ఐదడుగుల పైన పెట్టమనండి. చెత్త గది, ట్రాన్స్‌ఫార్మర్ మీ పడగ్గది గోడకు దూరంగా ఉన్నాయా? గరాజ్ ర్యాంపు ఎక్కే కార్ల హెడ్‌లైట్లు ఎవరింట్లోకి కొడతాయి? ఇలాంటివి బిల్డర్లు తరచూ ఒప్పుకుంటారు, ఎందుకంటే యూనిట్లు తగ్గవు.

భూగర్భ పార్కింగ్ తవ్వుతుంటే అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది మరిచిపోయేది ఒకటుంది. తవ్వకం మొదలవకముందే మీ పునాది, గోడలు, డ్రైవ్‌వే పగుళ్ళన్నిటినీ బిల్డర్ ఖర్చుతో ఫొటో సర్వే చేయించమనండి. గుంత అంచు కట్టుదిట్టంగా లేకపోతే పక్క మట్టి అటు ఒరుగుతుంది. నీళ్ళు తోడితే మెత్తటి బంకమట్టి కుంగుతుంది. సర్వే లేకపోతే కొత్త పగులు చూపించినా ‘అది పాతదే’ అంటారు.

ప్రశ్న: ఇన్ని ఫ్లాట్లొస్తే మా వీధిలో ట్రాఫిక్ ఏం కావాలి? దాని మీద గట్టిగా వాదించొచ్చా?

జవాబు: లెక్క వేసుకునే వాదించండి. ట్రాఫిక్ ఇంజినీర్ల సంస్థ ఐటీఈ ట్రిప్పుల అంచనాకు వేసిన మాన్యువల్ 11వ ఎడిషన్ ప్రకారం సాయంత్రం రద్దీ గంటలో విడి ఇంటికి 0.94, మూడంతస్తుల్లోపు అపార్ట్‌మెంట్‌కు 0.51 ట్రిప్పులు. అంతస్తులు పెరిగితే అంకె ఇంకా తగ్గుతుంది. 0.51తోనే చూసినా 40 ఫ్లాట్లకు గంటకు 20, అంటే మూడు నిమిషాలకో కారు. దీన్ని విపత్తు అంటే ఎవరూ నమ్మరు. పైగా సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తుందన్నది 2020 జూలై నుంచి రాష్ట్ర పర్యావరణ సమీక్షలో లెక్కకు రాదు. బళ్ళు తిరిగే మైళ్ళు ఎన్ని పెరుగుతాయనే చూస్తారు. పార్కింగ్ సరిపోదన్న వాదన కూడా పెద్ద ట్రాన్సిట్ స్టాప్‌కు (రైలు, బస్సుల స్టాప్‌కు) అర మైలు లోపైతే దాదాపు చెల్లదు.

నిలిచే అంశం ఒకటే: డ్రైవ్‌వే నుంచి బయటికొచ్చే కారుకు నడిచేవాళ్ళు, వచ్చే బళ్ళు కనిపిస్తున్నాయా? కంచో చెట్టో అడ్డముంటే ఫొటో తీసి జత చేయండి.

ప్రశ్న: అది వస్తే మా కప్పు మీది సోలార్ పలకల మీద నీడ పడుతుంది. 1978 చట్టం మాకు అండగా ఉంటుందంటున్నారు.

జవాబు: ఉండదు. అది చెట్లకూ పొదలకూ వర్తించేది, భవనాలకు కాదు. డిసెంబరు 21 నాటి నీడ పటం అడిగి, మీ వైపు పై అంతస్తును వెనక్కి జరపమని కోరండి. అంతకుమించి మీ చేతిలో ఏమీ లేదు.

ప్రశ్న: పక్కింటాయన స్థలం రెండుగా విడగొట్టి ఇళ్ళు కడుతున్నారు. మాకు నోటీసే రాలేదు.

జవాబు: రావాల్సిన పనిలేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 9 (సెనేట్ బిల్లు 9) చట్టం కింద విచారణ ఉండదు. షరతులు సరిపోతే అనుమతి ఇవ్వాల్సిందే. మీరు షరతులు సరిచూసుకోవచ్చు: చిన్న ముక్క మొత్తంలో 40 శాతానికి తగ్గకూడదు, మామూలుగా ఏ ముక్కా 1,200 చదరపు అడుగులకు తగ్గకూడదు. ఒక ఇంట్లో మూడేళ్ళు తానే ఉంటానని ఆయన అఫిడవిట్ ఇవ్వాలి. గత మూడేళ్ళలో అద్దెకున్నవాళ్ళ ఇంటిని కూల్చి కట్టడం కుదరదు. పక్క, వెనక హద్దుల నుంచి నగరం అడగగలిగింది నాలుగడుగులే. మీది హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే దాని ఒడంబడిక పత్రాలు తీసి చదవండి. పెరటి చిన్నిల్లు, అంటే ఏడీయూ కట్టడాన్ని హెచ్‌ఓఏలు నిషేధించకుండా చట్టం ఉంది. ఎస్‌బీ 9లో అలాంటి మాటేమీ లేదు. వెనక ముక్కకు మురుగు పైపు ఎటునుంచి వేస్తున్నారో పార్సెల్ మ్యాప్‌లో (స్థలం విభజన పటంలో) చూసుకోండి, మీ పెరట్లోంచి పోయేలా గీసి ఉంటే మామూలుగా మీ అనుమతి కావాలి.