స్పేస్ బీటుకొచ్చిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. స్పేస్, టెక్నాలజీ బీటు నీకిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. పాతికేళ్లు రిపోర్టింగులో ఉన్నవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు నా తప్పు చెబుతాను. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ లేచింది. మన దేశంలో ప్రైవేటు కంపెనీ తయారుచేసిన రాకెట్ ఎగరడం అదే మొదలు. దాన్ని తయారుచేసిన స్కైరూట్ కంపెనీని హైదరాబాదులో పెట్టిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇస్రోలో పనిచేసి బయటికొచ్చినవాళ్లు. మనవాళ్లు చేశారన్న పొంగులో అది "కక్ష్య" చేరిందని నా కాపీలో, అంటే నేను రాసిచ్చిన వార్తలో, రాసేశాను. మర్నాడు సవరణ వేసుకోవాల్సొచ్చింది. ఆ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, దాదాపు ఐదు నిమిషాల్లో బంగాళాఖాతంలో పడింది. అలా పడాలనే పంపారు. కక్ష్యలో నిలవాలంటే ఎత్తొక్కటే చాలదు, సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. విక్రమ్-ఎస్ వేగం శబ్దానికి ఐదు రెట్లు. అంటే సెకనుకు రెండు కిలోమీటర్లు కూడా కాదు.

"అంతరిక్షాన్ని తాకింది" అన్నా చిక్కే. అంతరిక్షం మొదలయ్యే గీతగా ఎక్కువమంది 100 కిలోమీటర్లను లెక్కలోకి తీసుకుంటారు, అమెరికా సైన్యం దాదాపు 80 దగ్గరే గీత గీస్తుంది. అందుకే ఎత్తు ఎంతో రాయి, ఏ గీత ప్రకారమో కూడా రాయి. పాఠకుడికి అది అర్థం కాదని వార్తలు దిద్దే డెస్కు అంటే ఒప్పుకోకు. ఓపిగ్గా చెబితే మన పాఠకులకు అన్నీ అర్థమవుతాయి.

ప్రెస్‌నోట్ చేతికి రాగానే క్రియాపదాల కింద గీతలు గీసుకో. చేసిందేది, చేస్తామంటున్నదేది? పెట్టుబడి ఖాతాలో పడిందా, ఒప్పందం దగ్గరే ఉందా? కంపెనీల వార్షిక లెక్కలు రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి, కొద్దిపాటి రుసుము కడితే చూడొచ్చు. ప్రయోగానికి ముందు విమానాలకు, ఓడలకు హెచ్చరికలు ఇస్తారు. కంపెనీ నోరు విప్పకపోయినా తేదీల జాడ అక్కడ దొరుకుతుంది. ఆ రోజు వేటకు వెళ్లొద్దని జాలర్లకూ చెబుతారు. వాళ్ల కూలి సంగతి కూడా నీ బీటులోదే, దాన్ని జిల్లా పేజీకి వదిలేయకు.

వాయిదా పడితే వాయిదా పడిందని, పేలిపోతే పేలిపోయిందని రాయి. చెన్నై కంపెనీ అగ్నికుల్ రాకెట్ నాలుగుసార్లు ఆగి, 2024 మే 30న ఎగిరింది. స్పేస్‌ఎక్స్ ఫాల్కన్-1 మూడుసార్లు విఫలమై, 2008 సెప్టెంబరులో నాలుగోసారి కక్ష్య చేరింది. ఆ ఓటములను ఉన్నదున్నట్టు రాసి ఉంచారు కాబట్టే నాలుగోసారి గెలుపు విలువ మనకు తెలిసింది.

కంపెనీ టికెట్టు మీద వెళితే ఆ సంగతి వార్త చివర రాయాలి. మీ సంస్థ ఖర్చుతో వెళ్లగలిగితే మరీ మంచిది.

మొదటి ప్రయోగానికి ముందురోజే శ్రీహరికోట దగ్గరి సూళ్లూరుపేట చేరుకో. కాపీ అచ్చయ్యాక నాకు పంపు, క్రియాపదాల కింద గీతలు గీసి పంపిస్తాను.

మీ మామయ్య