కేన్ సీటు గుంటపడితే

ప్రశ్న: చండీగఢ్ కుర్చీల నమూనాలో టేకుతో నాలుగు చేయించుకున్నాం. ఏడాదికే కేన్ (పేము) అల్లిక సీట్లు గుంటపడ్డాయి. మళ్లీ అల్లించాలా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: తొందరపడకండి. అల్లిక తెగకపోతే కుర్చీని తిరగేసి, అడుగువైపు తడిగుడ్డ అరగంట పరిచి, రాత్రంతా నీడలో ఆరనివ్వండి. కేన్ ఆరుతూ బిగుస్తుంది. పైవైపు నున్నటి తొక్క నీళ్లు పీల్చదు కాబట్టే అడుగునుంచి తడపమంటున్నాం. ఎండలో పెడితే పెళుసెక్కి చిట్లుతుంది.

తెగితే మాత్రం అతుకులు నిలవవు, పూర్తిగా అల్లించాల్సిందే. ఫ్రేములో 6 మి.మీ. రంధ్రాలు 19 మి.మీ. ఎడంలో ఉంటే 3 మి.మీ. కేన్ సరిపోతుంది. 20–30 నిమిషాలు నానబెట్టాకే అల్లాలి. నిలువు, అడ్డం అయ్యాక రెండువైపులా ఐమూల పోగులు పడాలి. పని తగ్గించుకోవాలంటే అల్లేవాళ్లు ముందు మానేసేది వాటినే, సీటు జారేదీ అందుకే. దగ్గరుండి చూసుకోండి. రంధ్రాల అంచులు పదునుగా ఉంటే కేన్ అక్కడే తెగుతుంది. శాండ్ పేపర్‌తో గుండ్రం చేయించండి.

స్విస్ వాస్తుశిల్పి పియర్ జెన్నరే 1950లలో చండీగఢ్ కోసం రూపొందించిన ఈ కుర్చీలకు గాలాడటమే సుఖం. రెక్సిన్ దిండు కట్టేస్తే, మీ సముద్రపు గాలికి చెమ్మ నిలిచి బూజు పడుతుంది. నూలు దిండు వేసి, వారానికోసారి తీసి ఆరబెట్టండి.