ముందు అడుగు సంగతి చూడు, బ్లోయర్ తర్వాత

చి. కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కట్టబోయే 1932 ఫోర్డు హాట్ రాడ్ (పాత కారుకి పెద్ద ఇంజన్ తగిలించిన బండి) సంగతి విని, పంపిన ఫోటో చూశాను. డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి, దాని మీద తళతళలాడే 6-71 బ్లోయర్ (ఇంజన్‌లోకి గాలి తోసే యంత్రం), పక్కన పప్పు గిన్నె. ఇంజన్ ఇంకా బేరంలోనే ఉంది, ఛాసిస్ రాలేదు, బ్లోయర్ మాత్రం ఇంట్లో దిగిపోయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. నిన్ను దెప్పడానికి నాకు అర్హత లేదులే. నేనూ ముందు కొన్నది బ్లోయరే.

ఆ డబ్బా సంగతి ముందు తెలుసుకో. అది కారు కోసం పుట్టింది కాదు. 1938లో జనరల్ మోటార్స్ వాళ్లు తెచ్చిన టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్‌ది. ఆరు సిలిండర్లు, ఒక్కోటీ 71 క్యూబిక్ అంగుళాలు, అందుకే 6-71. ఆ ఇంజన్‌కి గాలి పీల్చుకునే స్ట్రోక్ విడిగా ఉండదు, కాబట్టి పొగని తోసేసి కొత్త గాలి నింపడానికి ఒక బ్లోయర్ తగిలించారు. ఆ ఇంజన్లు బస్సుల్లో, లారీల్లో, పడవల్లో తిరిగాయి. అవి తుక్కుకి పోయినప్పుడు మన హాట్ రాడ్ కుర్రాళ్లు బ్లోయర్లు ఊడబీక్కుని తమ వీ8ల నెత్తిన పెట్టారు. లోపల రెండు రోటర్లు తిరుగుతుంటాయి. అవి గాలిని నొక్కవు, ఇటు నుంచి అటు తోస్తాయంతే. ఇంజన్ మింగగలిగిన దానికంటే ఎక్కువ తోస్తే, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది. దాన్నే బూస్ట్ అంటారు. దాంతో పాటు వేడీ పెరుగుతుంది. ఈ వేడిని మర్చిపోయేవాళ్లే పిస్టన్లు కరిగించుకుంటారు.

ఇప్పుడు నీ లెక్క. 350 క్యూబిక్ అంగుళాల షెవర్లే ఇంజన్, 10:1 కంప్రెషన్, చదరపు అంగుళానికి 10 పౌండ్ల బూస్ట్ అన్నావు. మామూలు గాలి ఒత్తిడి 14.7 పౌండ్లు. పదిని 14.7తో భాగించి, ఒకటి కలిపి, కంప్రెషన్‌తో గుణించు. బూస్ట్‌తో కలిపి కంప్రెషన్ 16.8 దాకా వస్తుంది. మీ టెక్సాస్ బంకులో దొరికే 93 ఆక్టేన్ పెట్రోలు దానికి ఏ మూలకీ చాలదు. అదే 8:1 పిస్టన్లు వేసి 6 పౌండ్లతో సరిపెట్టుకుంటే 11.3. రోడ్డు మీద తిరిగే బండికి అది చాలు. ఇది మోటు లెక్కే, వాల్వులు తెరిచే క్యామ్‌ని బట్టి, వేడిని బట్టి మారుతుంది. అయినా ఎక్కడ ఆగాలో చెబుతుంది. 350కి 6-71 పెద్దదే కాబట్టి, క్రాంక్ పుల్లీకి పళ్లు తక్కువా బ్లోయర్ పుల్లీకి ఎక్కువా పెట్టి నిదానంగా తిప్పు. బయట నిలబడి చూసేవాడికి ఆ పళ్లు కనపడవు. బెల్టు కూత మాత్రం వినపడుతుంది. మనకి కావాల్సిందీ అదేగా!

డబ్బంతా బ్లోయర్ కింద ఉండే ఇంజన్ మీదే పెట్టు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, మంచి రాడ్లు, హెడ్ స్టడ్లు. రింగ్ గ్యాప్, అంటే పిస్టన్ రింగు రెండు కొనల మధ్య సందు, మామూలు ఇంజన్ కంటే ఎక్కువ ఉండాలి. బూస్ట్ ఉన్నప్పుడు అంగుళం బోర్‌కి ఆరు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున, నాలుగంగుళాల బోర్‌కి పై రింగు దగ్గర 24 థౌ దాకా వెళ్తారు. అయినా పిస్టన్ కంపెనీ కాగితంలో ఏముంటే అదే వేదం. రింగుని సిలిండర్‌లోకి దింపి, పిస్టన్ తలకిందులుగా పెట్టి తిన్నగా తోసి, ఆ సందులో ఫీలర్ గేజ్ బ్లేడు దూర్చు. బ్లేడు నున్నగా జారకూడదు, కొద్దిగా పట్టుకోవాలి. ఎనిమిదీ కొలిచి పుస్తకంలో రాసుకో. గ్యాప్ చాలకపోతే, వేడికి రింగు కొనలు ఒకదానికొకటి గుద్దుకుని పిస్టన్ పైభాగాన్నే పీకేస్తాయి.

ఇక నేను చేసిన ఘనకార్యం. క్రాంక్ ముందు భాగంలో, బెల్టు పుల్లీ బిగించే డ్యాంపర్‌ని పట్టి ఉంచేది చిటికెన వేలంత కీ ముక్క. మామూలు కారులో అది ఫ్యాన్ బెల్టు లాగితే చాలు. బ్లోయర్ బెల్టు అలా కాదు, వేగం పెరిగేకొద్దీ పదుల హార్స్‌పవర్ దాని మీదుగానే పోతుంది. రెండో కీకి గాడి కోయించాలని నాకు తెలుసు. మెషిన్ షాపతను "స్ట్రీట్ కారుకి ఒకటి చాలు" అన్నాడు, నా జేబు కూడా అదే అంది. ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్లాను. మూడో సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా తొక్కానో లేదో టప్పున శబ్దం, బ్లోయర్ ఆగింది, ఇంజన్ ఆగింది. వెనక వందల కార్లు, పక్కన మడత కుర్చీల్లో జనం, పైగా చప్పట్లు! ఇంటికొచ్చి విప్పితే కీ రెండు ముక్కలు, క్రాంక్ మీద గోరు దిగేంత గాడి. మళ్లీ ఇంజన్ దింపాను. కాబట్టి రెండు కీలు కోయించాకే క్రాంక్‌ని బ్లాక్‌లో పెట్టు. బెల్టు కూడా వీణ తీగలా బిగించకు, వేడెక్కితే అదే ఇంకా బిగుస్తుంది.

కార్బ్యురేటర్లలో ఒక మెలిక ఉంది. అవి బ్లోయర్ పైన ఉంటాయి. బ్లోయర్ కింద బూస్ట్ ఉన్నా, కార్బ్యురేటర్ అడుగున ఇంకా వాక్యూమ్ ఉండొచ్చు. దాంతో అదనపు పెట్రోలు వదిలే పవర్ వాల్వ్ తెరుచుకోదు, సరిగ్గా పెట్రోలు ఎక్కువ కావాల్సినప్పుడే తక్కువ పడుతుంది. అందుకని మానిఫోల్డ్ నుంచి దానికి సన్నటి గొట్టం వేసిన బ్లోయర్ రకం కార్బ్యురేటర్లే కొను. మానిఫోల్డ్‌కి పాప్-ఆఫ్ వాల్వ్ తప్పనిసరి. బ్యాక్‌ఫైర్ వస్తే ఆ ఒత్తిడి అందులోంచి పోవాలి, నీ మొహం మీదకి కాదు. స్పార్క్ టైమింగ్ కాస్త వెనక్కి పెట్టు.

బాడీ గురించి పెద్దగా చెప్పను. అసలు 1932 ఫోర్డు స్టీలు దొరకడం కష్టం, ఒహాయోలో బ్రూక్‌విల్ వాళ్లు కొత్త స్టీలుతో చేస్తారు, నచ్చితే తీసుకో. ఏది కొన్నా ముందు టైటిల్ కాగితాలు చూడు. బ్రేకులు మాత్రం మర్చిపోకు. ఆ కారు పుట్టినప్పుడు 65 హార్స్‌పవర్, రాడ్లతో లాగే మెకానికల్ బ్రేకులు. ఫోర్డుకి హైడ్రాలిక్ బ్రేకులు వచ్చిందే 1939లో. అంతకు ఏడింతలు శక్తి పెట్టబోతున్నావు కాబట్టి, ఇంజన్ కంటే ముందు డిస్క్ బ్రేకులూ రేడియేటరూ కొను.

గ్యారేజీలో మీ వాటర్ హీటర్ ఫోటోలో కనపడింది. గ్యాస్‌దేనా? పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. ఆ పైలట్ మంట దాకా పోయిందంటే ఇక చెప్పేదేముంది. ట్యాంకు, కార్బ్యురేటర్ పనులు బయట చేసుకో. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ముక్కని వెల్డింగ్ చేయకు. క్లోరిన్ ఉన్న రకమైతే వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వు. జాకీ మీద నిలిపిన కారు కింద దూరితే మాత్రం అక్కయ్యకి నేనే ఫోన్ చేసి చెబుతా.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, ప్రైమింగ్ రాడ్‌ని డ్రిల్లుకి బిగించి ఆయిల్ పంపు తిప్పు. మొదట తేలిగ్గా తిరుగుతుంది. కాసేపటికి డ్రిల్లు మూలుగుతుంది, చెయ్యి మెలి తిరుగుతుంది. అదీ ఆయిల్ ప్రెషర్ వచ్చిన గుర్తు. నడుమ నడుమ క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ, వాల్వులు నొక్కే పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ ఊరేదాకా ఆపకు. రోలర్లు లేని ఫ్లాట్ ట్యాపెట్ రకం క్యామ్ అయితే స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎం దాటించి, ఇరవై నిమిషాలు ఐడిల్‌కి రానివ్వకు. విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద, పిడి చెవికి ఆనించి వినేవాడు. నువ్వూ అలాగే విను, కానీ బెల్టుకి దూరంగా. చొక్కా చేతులు మడుచుకో, మెళ్లో గొలుసు తీసేయ్.

బేరం తెగితే బ్లాక్ మీది కాస్టింగ్ నంబరు ఫోటో తీసి పంపు, క్రాంక్‌ని పట్టి ఉంచే మెయిన్ క్యాపులు నాలుగు బోల్టులవో కాదో కింద ఆయిల్ పాన్ విప్పించి చూడు. నేను నవంబరులో వస్తున్నా, నా డయల్ గేజులు తెస్తా. ఈలోగా బ్లోయర్‌కి ఆయిల్ రాసి, కవర్లో చుట్టి గ్యారేజీలో పెట్టు. మీ ఆవిడ సుమ నాకు రెండుసార్లు ఫోన్ చేసింది.

మీ మామయ్య